నొప్పికీ దుఃఖానికీ హోమియో గోళీలు అడిగిన మా చెల్లెలి కూతురికి

చిట్టితల్లీ,

నీ మెసేజ్ చూశాను. భుజం నొప్పికి ఒకటి, నిద్రకు ఒకటి, నాన్న గుర్తొచ్చినప్పుడల్లా గొంతులో ఉండ అడ్డం పడ్డట్టు అవుతోంది కదా దానికి ఒకటి, మూడు హోమియో మందుల పేర్లు చెప్పు పెద్దమ్మా, ఆఫీసు నుంచి వస్తూ తార్నాకలో కొనుక్కుంటాను అన్నావు. పేర్లు చెబుతాను. సర్వీసంతా ప్రభుత్వ హోమియో డిస్పెన్సరీలో కౌంటర్ వెనక డ్రాము సీసాలు నింపుతూ గడిపినదాన్ని, పేర్లకేం కొదవ లేదు. కాకపోతే వట్టి పేర్లు పట్టుకుని షాపుకెళ్తే డబ్బులు పోవడం తప్ప నీకు ఒరిగేదేమీ ఉండదు, అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేయకుండా ఇంత రాస్తున్నాను. మెట్రోలో నిలబడి కాకుండా ఇంటికెళ్లాక కూర్చుని చదువు.

ముందు భుజం సంగతి. స్కూటీ మీద నుంచి పడ్డ రోజే ఎక్స్‌రే తీశారు, ఎముక విరగలేదన్నారు, అంతవరకు సంతోషం. కానీ చెయ్యి ఇప్పటికీ తల దాకా లేవట్లేదని మీ అమ్మ చెప్పింది. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, భుజం చుట్టూ కండరాలను ఎముకకు పట్టి ఉంచే తాళ్లు చిరిగాయో లేదో అందులో తెలియదు. అందుకని ఎముకల డాక్టర్ దగ్గరికి ఇంకోసారి వెళ్లాల్సిందే, అల్ట్రాసౌండో ఎంఆర్ఐయో అవసరమా అని అడగాల్సిందే. ఇంకో మాట, నొప్పి పుడుతోందని చెయ్యి కదపకుండా ఒంటికి అదిమిపెట్టుకుని తిరుగుతున్నావట, అలా చేస్తే భుజం పట్టేస్తుంది, ఫ్రోజెన్ షోల్డర్ అంటారు చూడు, అది. ఒకసారి పట్టేసిందంటే వదలడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. దానికి కావలసింది ఫిజియోథెరపీ, ఏ గోళీ ఆ పని చేయదు. వేళ్లలో తిమ్మిరి గానీ, గ్లాసు పట్టుకుంటే జారిపోవడం గానీ మొదలైతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లు. ఇది నీకే కాదు, నీ పక్క సీటు అమ్మాయికి కూడా చెప్పు, పడ్డప్పుడు తలకు దెబ్బ తగిలి తర్వాత వాంతులు, మగత, మాట తడబడడం, ఫిట్స్ లాంటివి వస్తే దెబ్బలకు వాడే హోమియో మందు ఆర్నికా ఎక్కడ దొరుకుతుందా అని వెతక్కూడదు, 108కి ఫోన్ చేయాలి.

ఇక మందులు. ఈ వైద్యం ఎలా పుట్టిందో కొంచెం తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. హానిమన్ అని జర్మనీలో ఒక డాక్టర్, 1790 ప్రాంతంలో మలేరియాకు వాడే సింకోనా బెరడును ఒంట్లో ఏ జబ్బూ లేకుండానే తాను తిని చూశాడు, తనకు చలిజ్వరం లాంటి లక్షణాలే వచ్చాయని రాసుకున్నాడు. దాని మీద కట్టిన సిద్ధాంతమే హోమియో: ఆరోగ్యంగా ఉన్నవాడిలో ఏ పదార్థం ఏ బాధ పుట్టిస్తుందో, అదే పదార్థాన్ని బాగా పలచన చేసి ఇస్తే అలాంటి బాధను తగ్గిస్తుంది. మన హైదరాబాద్‌లో దీనికి పాత వేళ్లే ఉన్నాయి, రామంతాపూర్‌లో ప్రభుత్వ హోమియో కాలేజీ ఉంది కదా, ఆ పేరులో ఉన్న జయసూర్య గారు సరోజినీ నాయుడి కొడుకు, స్వయంగా హోమియో డాక్టర్. మన తాతల తరంలో ఇంటికో చెక్క పెట్టె, అందులో చిన్న చిన్న సీసాలు, పెట్టె తెరిస్తే స్పిరిట్ వాసన, పిల్లలమంతా తీపి గోళీల కోసం లేని కడుపునొప్పి తెచ్చుకునేవాళ్లం.

ఇప్పుడు ఇంకో నిజం కూడా చెప్పాలి, ఇది నీకు ఎవరూ షాపులో చెప్పరు. సీసా మీద 30సి అని ఉంటుంది. అంటే మొక్క నుంచి తీసిన సారం ఒక చుక్క, 99 చుక్కల స్పిరిట్‌లో కలిపి బాగా కుదుపుతారు, అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ 99 చుక్కల్లో కలుపుతారు, ఇలా 30 సార్లు. పన్నెండోసారి దాటేసరికే అసలు మొక్క తాలూకు అణువు ఒక్కటైనా మిగిలి ఉండే అవకాశం దాదాపు ఉండదు, ఇంటర్ కెమిస్ట్రీలో అవగాడ్రో సంఖ్య చదివావు కదా, ఆ లెక్కే. 2015లో ఆస్ట్రేలియా వాళ్ల జాతీయ వైద్య పరిశోధన మండలి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల సమీక్షలు ముందేసుకుని చూసి, ఫలానా జబ్బుకు హోమియో పనిచేస్తుందని చెప్పడానికి నమ్మదగిన ఆధారం ఒక్కదానికీ లేదని తేల్చింది. హోమియో డాక్టర్లు దీన్ని ఒప్పుకోరు, వాళ్ల వాదన వాళ్లకుంది. నాకు అన్నం పెట్టిన వైద్యం ఇది, అయినా ఇంటి పిల్లకు ఈ మాట దాచి మందు చేతిలో పెట్టడం నాకు చేతకాదు.

మరి ఇన్ని తెలిసీ పేర్లు చెబుతానని ఎందుకన్నానంటే, ఈ వైద్యంలో గోళీ నోట్లో పడడానికి ముందు జరిగే పని ఒకటుంది, దాని మీద నాకు పూర్తి నమ్మకం. అది అడగడం. మా డిస్పెన్సరీలో ఒకావిడ, కూరగాయలు అమ్ముకునేది, మోకాళ్ల నొప్పులని వచ్చింది. డాక్టరమ్మ వరసగా అడుగుతూ పోయింది: లేవగానే ఎక్కువా, నాలుగడుగులు వేశాక తగ్గుతుందా, వాన పడే ముందు తెలుస్తుందా, ఏ వైపు పడుకుంటే హాయి, రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వస్తుంది. ఆ ఆఖరి ప్రశ్నకు ఆవిడ, రెండింటికమ్మా, మా వాడు షిఫ్ట్ అయిపోయి వచ్చే టైము, అంది. కొడుకు పోయి అప్పటికి చాలా కాలమైంది. అంతవరకు మోకాలి గురించి గడగడా చెప్పినావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏమీ మాట్లాడలేకపోయింది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, బయట లైను ఎంత ఉన్నా, ఆవిణ్ణి చెప్పనిచ్చింది. మోకాళ్లకు రస్ టాక్స్ రాసింది, రాత్రి మెలకువకు మాత్రం కూతుర్ని తోడు తీసుకుని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీకి వెళ్లమని చీటీ రాసిచ్చింది. ఆవిడ రెండు చోట్లకూ తిరిగింది, కొన్ని నెలలకు మనిషి తేరుకుంది. ఎర్రగడ్డ మాత్రలో, మా కౌంటర్ దగ్గర మాటలో, రోజులు గడవడమో, ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడానికి లేదు. కానీ ఆ ప్రశ్న అడగకపోతే ఆవిడ ఎర్రగడ్డ గడప తొక్కేదే కాదు.

అందుకే మందుల పేర్లు ఆ ప్రశ్నలతో కలిపే చెబుతాను. ప్రతి మందు వెనక ఒక మనిషి బొమ్మ ఉంటుంది, అందులో నువ్వు ఎక్కడున్నావో చూసుకో.

దుఃఖానికి అందరూ మొదట చెప్పేది ఇగ్నేషియా. మన అడవుల్లో ముష్టి చెట్టు ఉంటుంది చూడు, ముష్టి గింజలు విషమని ఊళ్లో అందరికీ తెలుసు, అదే జాతికి చెందిన తీగ ఫిలిప్పీన్స్‌లో పెరుగుతుంది, దాని గింజ ఇగ్నేషియా. ముష్టిలో ఉండే స్ట్రిక్నిన్ విషమే అందులోనూ ఉంటుంది. మన ముష్టి గింజ నుంచి చేసేది నక్స్ వామికా, అది వేరే తరహా మనిషికి, పని ఒత్తిడి, చిరాకు, కడుపు మంట, తెల్లవారుజామున మెలకువ వచ్చి ఆఫీసు లెక్కలు గుర్తు రావడం. ఇగ్నేషియా మనిషి వేరు. దెబ్బ కొత్తది, మాటమాటకీ నిట్టూర్పు, గొంతులో ఉండ, నలుగురిలో నవ్వుతూ తిరిగి బాత్రూమ్‌లో నల్లా విప్పి ఏడవడం, ఎవరైనా ఓదార్చబోతే విసుగు. నువ్వు రాసిన నాలుగు లైన్లలో ఇందులో సగం ఉంది. అదే, ఎవరైనా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే చాలు అనిపించేవాళ్లకు, ఇట్టే కన్నీళ్లు వచ్చి ఇట్టే తేరుకునేవాళ్లకు పల్సటిల్లా అంటారు. అవమానం మింగి, తిరిగి ఒక్క మాట అనలేక, లోపల కుతకుతలాడుతూ చేతులు వణికేవాళ్లకు స్టాఫిసాగ్రియా. ఏళ్ల తరబడి లోపలే దాచుకున్న దిగులుకు నేట్రమ్ మూర్ రాస్తారు గానీ అది మొక్క కాదు, మనం కూరలో వేసే ఉప్పే.

భయానికి అకోనైట్. ఇది మన ఆయుర్వేదంలో వత్సనాభి అంటారే, ఆ జాతి మొక్క. యాక్సిడెంట్ అయిన వెంటనే గుండె దడ, ఒళ్లంతా వణుకు, ఇప్పుడే పోతానేమో అన్న భయం, ఇవి దాని లక్షణాలని పుస్తకాల్లో రాస్తారు. నువ్వు ఇప్పటికీ ఆ మూలమలుపు దగ్గర బస్సు హారన్ వింటే ఒళ్లు జలదరిస్తోందన్నావు, స్కూటీ తాళం ముట్టుకోవట్లేదన్నావు, కలలో మళ్లీ మళ్లీ అదే పడిపోవడం వస్తోందన్నావు. ఇదంతా నెల దాటినా తగ్గకపోతే దానికి గోళీలు వెతకొద్దు, సైకియాట్రిస్టు దగ్గరికో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో వెళ్లు. ఇలాంటి దెబ్బల కోసమే ప్రత్యేకంగా టాక్ థెరపీలు, అంటే మాట్లాడించి చేసే వైద్యాలు, ఉన్నాయి, వాటికి గట్టి ఆధారాలు ఉన్నాయి, మందు లేకుండా వాటితోనే కుదుటపడినవాళ్లు బోలెడుమంది.

ఇక ఒంటి నొప్పుల్లో మొదటిది ఆర్నికా, ఇది అందరికీ తెలిసిందే. యూరప్ కొండల మీది పచ్చిక బయళ్లలో పూసే పసుపు పువ్వు. కమిలిన దెబ్బకు, ఒళ్లంతా ఎవరో కొట్టినట్టు ఉండి పరుపు కూడా గట్టిగా అనిపించేవాళ్లకు ఇస్తారు. ఈ మనిషి బొమ్మలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించే విషయం, రక్తం కారుతున్నా నాకేం కాలేదు, వెళ్లండి, ముట్టుకోకండి అంటాడు. నిన్ను లేవదీయడానికి వచ్చినవాళ్లతో నువ్వూ అదే అన్నావట, మీ అమ్మ చెప్పింది. ఆర్నికా ఆయింట్‌మెంట్ కమిలిన చోట రాసుకోవచ్చు, చర్మం చీరిన చోట, రక్తం ఉన్న చోట మాత్రం రాయకూడదు.

భుజానికి నువ్వు తేల్చుకోవాల్సింది రస్ టాక్సా, బ్రయోనియానా అని. రస్ టాక్స్ అమెరికాలో పెరిగే విషపు తీగ, ఆకు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, మన నల్లజీడి రసం తగిలితే బొబ్బలు రావూ, రెండూ ఒకే కుటుంబం, మామిడి కూడా అదే కుటుంబం. దీని నొప్పి పొద్దున్నే మొదటి కదలికకు ప్రాణం తీస్తుంది, కదిపేకొద్దీ సాగి తగ్గుతుంది, ఏసీ గాలికి, ముసురుకు మళ్లీ బిగుస్తుంది, వేడినీళ్లు పోసుకుంటే హాయి. బ్రయోనియా సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది, కొంచెం కదిలినా పోటు, కదలకుండా నొప్పి ఉన్న వైపే అదిమి పడుకుంటే సుఖం, దాహం ఎక్కువ, ఎవరైనా పలకరిస్తే కోపం. కీళ్ల చుట్టూ ఉండే తాళ్లకు, మణికట్టు బెణికినదానికి రూటా, అంటే సదాపాకు, మీ అమ్మమ్మ పెరట్లో ఉండేది, దాని ఘాటు వాసన నీకు గుర్తుండకపోవచ్చు. వేలి కొస తలుపు సందులో పడితే, వెన్నుపూస చివర తోక ఎముకకు దెబ్బ తగిలితే, నరం వెంట జివ్వుమని లాగే నొప్పికి హైపెరికమ్. ఎముక విరిగి కట్టు కట్టించుకున్నాక సింఫైటమ్ ఇస్తారు, నీకు ఆ అవసరం లేదు.

నిద్రకు కాఫీ గింజ నుంచే చేసే కాఫియా ఉంది, ఒంటికి అలుపున్నా బుర్ర ఆగకుండా పరిగెత్తేవాళ్లకు. దానికంటే ముందు సాయంత్రం ఆరు తర్వాత ఆఫీసు మెషిన్ కాఫీ మానెయ్, ఈ విషయంలో నాకే అనుమానమూ లేదు. నిద్ర తక్కువైతే నొప్పి ఎక్కువ తెలుస్తుంది, నొప్పి ఎక్కువైతే నిద్ర పోతుంది, నీ భుజం, నీ రాత్రులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, ఏ చివర నుంచి విప్పినా రెండోది వదులవుతుంది.

ఇప్పుడు నువ్వు నిజంగా చేయాల్సిన పని. ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొను, ఫోన్లో వద్దు, ఫోన్ తెరిస్తే వేరే దారి పడతావు. రోజుకు రెండుసార్లు, లేచాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, నాలుగైదు లైన్లు రాయి. ‘భుజం నొప్పి, ఎక్కువగా ఉంది’ అని రాస్తే దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. ఇలా రాయి: ‘కుడి భుజం, పైన ముందు వైపు. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పెడితే సూది గుచ్చినట్టు పొడిచింది, దించేశాక కాసేపు సలుపు. వేడినీళ్ల స్నానం తర్వాత మేలు. రాత్రి కుడి పక్కకు తిరిగితే మెలకువ వచ్చింది.’ ఎక్కడ, ఎలాంటి నొప్పి, ఏం చేస్తే ఎక్కువ, ఏం చేస్తే తక్కువ, ఏ వేళకు, ఈ ఐదూ ఉండాలి. దాని కిందే మనసు సంగతి కూడా, వేరే పేజీలో కాకుండా అక్కడే. ‘పొద్దున నాన్న వాడే షేవింగ్ క్రీమ్ యాడ్ వచ్చింది, గొంతు బిగుసుకుంది, అన్నం దిగలేదు, సాయంత్రానికి మెడ పట్టేసింది.’ రెండు వారాలు ఇలా రాస్తే నీకే కొన్ని కనిపిస్తాయి, దిగులు పడ్డ రోజు భుజం ఎక్కువ నొప్పి పెట్టడం, మాట్లాడిన రోజు తక్కువ ఉండడం లాంటివి. ఆ పుస్తకం ఎముకల డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లు, ఫిజియో దగ్గరికి పట్టుకెళ్లు, హోమియో డాక్టర్ దగ్గరికి వెళ్తే అక్కడికీ పట్టుకెళ్లు. మూడు నిమిషాల్లో పేషెంట్‌ను పంపేసే డాక్టర్ కూడా అలాంటి పేజీ ముందు పెడితే ఆగి చదువుతాడు, నేను చూశాను.

హోమియో వాడాలనే ఉంటే పద్ధతిగా వాడు. బీహెచ్ఎంఎస్, అంటే హోమియో డాక్టర్ డిగ్రీ, చదివి, రిజిస్ట్రేషన్ నంబరు బోర్డు మీద రాసుకున్న డాక్టర్ దగ్గరికే వెళ్లు, ప్రభుత్వ డిస్పెన్సరీల్లోనూ రామంతాపూర్ ఆసుపత్రి ఓపీలోనూ ఖర్చు దాదాపు ఉండదు. వేల రూపాయల ప్యాకేజీ ముందే కట్టమనే చోటికి వెళ్లొద్దు, గ్యారంటీ ఇస్తామనేవాళ్ల దగ్గరికి అసలే వెళ్లొద్దు. సీసా మీద మందు పేరు, పొటెన్సీ (అదే, ఎన్నిసార్లు పలచన చేశారో చెప్పే 30 లాంటి అంకె), కంపెనీ, బ్యాచ్ నంబరు, తేదీ ఉండాలి. పేరు లేని పొట్లాలు తీసుకోకు, నా మాట విను. పేరు లేని పొడి మింగిన రెండు రోజులకే ఏళ్లనాటి నొప్పి మాయమైతే సంతోషపడక్కర్లేదు, అందులో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు, కొన్నాళ్లకు ముఖం ఉబ్బి, షుగర్ పెరిగి, ఎముకలు గుల్లబారి బయటపడుతుంది. ఒకసారికి ఒకే మందు, 30 పొటెన్సీ చాలు, నాలుగు గోళీలు మూతలో వేసుకుని నాలుక మీద పెట్టుకో, తిండికీ దానికీ పావుగంట ఎడం. పచ్చి ఉల్లి, కర్పూరం, కాఫీ వద్దని మా కౌంటర్లో చెప్పేవాళ్లం, అది సంప్రదాయం, దాని కోసం ఉల్లిపాయ లేకుండా ఇల్లంతా అవస్థ పడాల్సిన పని లేదు. గోళీలు పంచదారవి, పొడి మందు పాల చక్కెర, పాలు పడనివాళ్లు చెప్పి గోళీలే అడగాలి.

30లో అణువే లేదు కాబట్టి హాని కూడా లేదు అనుకుంటే, మదర్ టింక్చర్ దగ్గర ఆ మాట చెల్లదు. సీసా మీద క్యూ అని ఉంటుంది చూడు, అందులో మొక్క నిజంగా ఉంటుంది, ఆల్కహాల్ నిజంగా ఉంటుంది. అకోనైట్ టింక్చర్ తేడాగా వాడితే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఆర్నికా టింక్చర్ లోపలికి తాగకూడదు. సింఫైటమ్ మొక్క లోపలికి తీసుకుంటే కాలేయం చెడుతుంది. నిద్రకని పాసిఫ్లోరా క్యూ అమ్ముతారు, కృష్ణకమలం జాతి తీగ, అది మత్తు పెంచేది, నిద్రమాత్రలతో కలిపి వద్దు, అది తాగి బండి నడపొద్దు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది హైపెరికమ్ దగ్గర. ఆన్‌లైన్‌లో సెయింట్ జాన్స్ వర్ట్ అని క్యాప్సూల్స్ వస్తాయి, అవి హోమియో కావు, అదే మొక్క అసలు మోతాదులో. తేలికపాటి డిప్రెషన్‌కు ఆ మొక్క పనిచేస్తుందని పరిశోధనల్లో కనిపించింది, నిజమే, పనిచేస్తుంది కాబట్టే ప్రమాదం కూడా. డిప్రెషన్ మాత్రలు వాడుతున్నవాళ్లు దీన్ని కలిపితే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం హద్దు దాటి జ్వరం, వణుకు, అయోమయం రావచ్చు. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు, రక్తం పలచనయ్యే వార్ఫరిన్, ఇలాంటివెన్నో దాని వల్ల పనిచేయకుండా పోతాయి. ‘మొక్కే కదా’ అని ఎవరైనా చేతిలో పెడితే, ముష్టి కూడా మొక్కే అని చెప్పు.

హోమియో మొదట జబ్బును ఎక్కువ చేసి తర్వాత తగ్గిస్తుంది అని మన ఇళ్లలో అందరూ అంటారు, మీ అత్తగారు కూడా అంటారు. ఆ మాట నమ్మి జనం ఆగిపోవడం చాలా చూశాను. నొప్పి పెరుగుతుంటే మందు పనిచేస్తోందని సంబరపడి వారాలు గడిపేస్తారు. అలా చేయకు. నొప్పి పెరిగితే పెరిగినట్టే, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. జ్వరంతో పాటు కీలు వాచినా, ఛాతీలో బిగుతుతో నొప్పి ఎడమ చేతికి పాకినా, గొంతులో ఉండతో పాటు మింగడమే కష్టమైనా, ఏ హోమియో డాక్టర్ అయినా నిజాయితీపరుడైతే తానే పెద్దాసుపత్రికి పంపిస్తాడు. సైకియాట్రిస్టు మాత్రలు రాస్తే వాటిని ‘నేచురల్‌గా తగ్గించుకుంటాను’ అని మధ్యలో ఆపొద్దు, ఆపాలంటే రాసిన డాక్టరే మెల్లగా తగ్గించాలి.

ఇంకో విషయం, దీన్ని తప్పుగా అనుకోకు, ప్రేమతో అడుగుతున్నాను. నాన్న లేకుండా ఏం బతుకు అని ఎప్పుడైనా అనిపిస్తోందా? అనిపిస్తే నాకు చెప్పు, రాత్రి ఏ టైమైనా సరే ఫోన్ చెయ్. నాకు చెప్పడం ఇబ్బందైతే 14416కి చెయ్, టెలీ మానస్, ప్రభుత్వానిది, ఫ్రీ, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పేరు చెప్పమని బలవంతం ఉండదు.

మీ ఇంట్లో అందరూ నిన్ను గట్టిగా ఉండమంటున్నారని తెలుసు. పెద్దకూతురివి, అమ్మను నువ్వే చూసుకోవాలి, ఆవిడ ముందు ఏడవకు, ఈ మాటలు పదకొండో రోజు నుంచి వింటూనే ఉన్నావు. మాసికాలు పెట్టించడం, పెన్షన్ కాగితాలు, బ్యాంకు నామినీ పనులు, అన్నీ నువ్వే తిరిగావు. ఎక్కడా కూర్చుని ఏడ్చింది లేదు. నేను మీ అమ్మకు ముందే చెప్పాను, అది ఏడిస్తే ఆపకు, నువ్వూ పక్కన కూర్చుని ఏడువు, అని. మీ ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకుంటున్నది ఒకే దుఃఖం. సంవత్సరీకం దగ్గర పడేకొద్దీ మళ్లీ బరువెక్కుతుంది, అది మామూలే, వెనక్కి వెళ్తున్నానని బెంగపడకు. ఆ వారం ఆఫీసుకు సెలవు ముందే అడిగి పెట్టుకో.

ఇగ్నేషియా కొనకు, నా దగ్గర సీల్ తీయని సీసా ఉంది, పట్టుకొస్తాను. నీకు దాని మీద ఇష్టం ఉంటే వేసుకో, లేదంటే వద్దు. కానీ నోట్‌బుక్ మాత్రం రేపే మొదలుపెట్టు, ఎముకల డాక్టర్ అపాయింట్‌మెంట్ ఈ వారంలోనే తీసుకో. డాక్టర్ టైము ఖరారు కాగానే మెసేజ్ పెట్టు, హబ్సిగూడ మెట్రో కింద నిన్ను కలుసుకుంటాను, ఇద్దరం కలిసే వెళ్దాం. లోపల మాట్లాడేది నువ్వే, నేను పక్కన కూర్చుంటాను. ఎక్స్‌రే ఫిల్మ్, పాత చీటీలు, ఇప్పుడు మింగుతున్న మాత్రల స్ట్రిప్పులు అన్నీ ఒక కవర్లో పెట్టుకుని రా.

మీ పెద్దమ్మ